సీరియల్ పెద్దదైపోయిందా? పాత్రల వివరాలు నోట్‌బుక్కులో రాసుకోవాలా, షీట్‌లోనా, యాప్‌లోనా

ఇరవై ముప్పై భాగాల దాకా ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు, అంతా బుర్రలోనే తిరుగుతూ ఉంటుంది. అసలు గొడవ అరవయ్యో భాగం దాటాక మొదలవుద్ది. హీరోయిన్ మేనత్త పేరు ఏం పెట్టాం, ఆవిడకి షుగరుందని ఎక్కడైనా రాశామా లేదా, ఎంవీపీ కాలనీలో వాళ్ళ ఫ్లాటు రెండో అంతస్తా మూడోదా, ఇవన్నీ రాసిన మనకి గుర్తుండవు గానీ చదివేవాళ్ళకి మాత్రం భలే గుర్తుంటాయి. పెద్ద పెద్దవాళ్ళకే తప్పలేదు లెండి, షెర్లాక్ హోమ్స్ పక్కనుండే డాక్టర్ వాట్సన్‌కి యుద్ధంలో తగిలిన తూటా 1887లో వచ్చిన మొదటి నవలలో భుజానికి తగిలింది, 1890 నాటి రెండో నవలకి వచ్చేసరికి కాలికి దిగిపోయింది, చదివేవాళ్ళు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

మా వైజాగ్‌లో సీరియల్స్ రాసేవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా చివరికి ఈ టాపిక్కే వస్తుంది, దేంట్లో రాసుకుంటున్నావ్, ఏ యాప్ బావుంది అని. నా లెక్కలో యాప్ సంగతి తర్వాత. ముందు మీరు రాస్తూ రాస్తూ ఎక్కడ ఆగిపోతున్నారో చూస్కోండి. కొందరు మనిషి వివరాల దగ్గర ఆగుతారు, వయసు, ఉద్యోగం, ఇల్లు. కొందరు తేదీల దగ్గర. సస్పెన్స్ రాసేవాళ్ళు ఏ రహస్యం ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్న దగ్గర. ఫ్యామిలీ సీరియల్ రాసేవాళ్ళం మాత్రం ఎక్కువసార్లు ఆగేది పిలుపుల దగ్గర, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పిలుపులంటే ఏంటో చూడండి. కోడలు అత్తగారిని అత్తయ్యా అంటుందా, అత్తమ్మా అంటుందా, ఏమీ అనకుండా "ఇటు చూడండి" అని నెట్టుకొచ్చేస్తుందా. మొగుణ్ణి మొదట్లో ఏవండీ అనేది, ఓ పెద్ద గొడవయ్యాక నువ్వు అనడం మొదలెట్టింది, అది ఏ భాగంలో? ఆ ఒక్క మార్పులో సగం కథ ఉంటుంది, రెండు భాగాల తర్వాత మీరు మర్చిపోయి మళ్ళీ ఏవండీ అనిపించారంటే ఆ గొడవంతా ఉత్తిదైపోద్ది. పైగా మన కథల్లో మేనరికాలొకటి. హీరో వాళ్ళమ్మా హీరోయిన్ వాళ్ళ నాన్నా అక్కాతమ్ముళ్ళు అనుకోండి, పెళ్ళికి ముందు నుంచే ఆవిడ అత్త, పెళ్ళయ్యాకా అత్తే, కానీ గొంతు మాత్రం ఒకేలా ఉండదు కదా.

బయట దొరికే యాప్‌ల ఫారాలు తెరిస్తే మొట్టమొదట అడిగేది కళ్ళ రంగు, జుట్టు రంగు. మన కథలో అందరి కళ్ళూ నలుపే, జుట్టూ నలుపే, తాతయ్యలకి తప్ప. ఎవరెవర్ని ఏమని పిలుస్తారో రాసుకునే చోటు మాత్రం కనపడదు. అందుకే యాప్ కొనే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి, రెడీమేడ్ ఫారం ఎంత అందంగా ఉన్నా మనకి కావాల్సిన గళ్ళు మనమే గీసుకోవాలి.

సరే, ఒక్కోదాని సంగతి చూద్దాం.

నోట్‌బుక్కు

దీన్ని తీసిపారేయకండి. కరెంటు అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు, అలాంటప్పుడు కూడా పని చేసేది ఇదొక్కటే. ఇంకో గొప్ప సుఖం, వంశవృక్షం. మేనరికం ఉన్న కుటుంబాన్ని కంప్యూటర్లో గియ్యాలంటే కొమ్మ వెనక్కి తిరిగొచ్చి ఇంకో కొమ్మకి తగులుకుంటుంది, గళ్ళలో అస్సలు ఇమడదు, అదే తెల్లకాగితం మీదైతే పెన్సిల్‌తో రెండు నిమిషాల్లో అయిపోద్ది.

ఇబ్బందల్లా వెతకడం దగ్గరే. యాభై మంది మనుషులయ్యాక ఎవరు ఏ పేజీలో ఉన్నారో తెలీదు, ఒకళ్ళకిచ్చిన అర పేజీ నిండిపోయి మిగతాది ఎక్కడో చివర అట్ట వెనకాల రాస్తాం. పుస్తకమే వాడతానంటే కుడివైపు పేజీలోనే రాసి ఎడమవైపు ఖాళీగా ఉంచండి, తర్వాత చేర్చేవి అక్కడ పడతాయి. ముందు నాలుగు పేజీలు పేర్ల పట్టికకి వదిలెయ్యండి, నెలకోసారి అన్ని పేజీలూ ఫోన్‌తో ఫొటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో పడెయ్యండి. ముప్పై మంది లోపు పాత్రలున్న కథకి, అదీ చేత్తో రాసే అలవాటున్నవాళ్ళకి, ఇంతకి మించి ఏమీ అవసరం లేదు.

కార్డుల మీద రాసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, సినిమా స్క్రిప్టు వాళ్ళ పద్ధతి అది, సీన్ల వరస మార్చుకోడానికి బావుంటుంది గానీ ఏళ్ళ తరబడి దాచుకోడానికి కాదు.

వాట్సాప్‌లో మనకి మనమే పంపుకోడం

చాలామంది చేసేది ఇదే, నేనూ చేస్తాను. బస్సులో మద్దిలపాలెం దాటుతుండగా ఏదో తడుతుంది, టక్కున ఓ మెసేజో వాయిస్ నోటో పెట్టేస్తాం. పెట్టడం వరకూ దీన్ని మించింది లేదు, తియ్యడం మాత్రం నరకం. కరెంటు బిల్లు స్క్రీన్‌షాటూ, ఎవరిదో పెళ్ళి శుభలేఖా, మధ్యలో "విలన్ చెల్లెలు బతికే ఉంది" అనే మెసేజూ. వారానికోసారి అందులోంచి తీసి అసలు చోట ఎక్కించే ఓపిక ఉంటే వాడండి, లేకపోతే వద్దు.

"అన్నీ టైపు చేసిందే కదా, సెర్చ్ కొడితే సరిపోద్ది"

ఇంగ్లీషులో రాసేవాళ్ళకి చాలావరకు సరిపోద్దేమో. తెలుగులో అంత తేలిక కాదు, దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను ఎందుకంటే చాలామంది ఈ నమ్మకంతోనే ఏమీ రాసుకోరు.

మీ కథలో సింహాచలం అనే ఆయన ఉన్నాడనుకోండి, మా వైపు ఆ పేరు వీధికొకళ్ళకి ఉంటుంది. సింహాచలం అని వెతికితే ఆయనా వస్తాడు, కొండా వస్తుంది, గుడికెళ్ళిన సీన్లన్నీ వస్తాయి. అదే సమయంలో "సింహాచలానికి పెళ్ళి కుదిరింది" అన్న వాక్యం మాత్రం రాదు, ఎందుకంటే కి, ని చేరినప్పుడు చివరున్న సున్నా పోయి దీర్ఘం వచ్చేస్తుంది, కంప్యూటర్‌కి అది వేరే మాట. రాముడు అని కొడితే రాముడికి, రాముణ్ణి రెండూ దొరకవు. దీనికి చిట్కా ఒకటుంది, మారే అక్షరం దాకా వెళ్ళకుండా ముందే ఆగి వెతకడం, సింహాచ, రాము, అలాగ. చెత్త కూడా ఎక్కువే వస్తుంది గానీ అసలుది తప్పిపోదు.

రెండోది స్పెల్లింగు. వరలక్ష్మి ఓచోట, వరలక్ష్మీ ఓచోట. అప్పలరాజు, అప్పల్రాజు. డైలాగులో యాస పెడితే సత్యవతి కాస్తా సత్తెవతి అవుద్ది. ఇవన్నీ సరిచేసుకున్నా అసలు చిక్కు ఇంకోటుంది, సగం చోట్ల మనిషి పేరే ఉండదు, ఆవిడ, అక్క, మేడమ్, చిన్నకోడలు అని ఉంటుంది. పాత భాగాలు ఎవరైనా డీటీపీ వాళ్ళ దగ్గర యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో కనిపించే మామూలు తెలుగు టైపు) కాని ఫాంటులో టైపు చేయించి ఉంటే ఇక సెర్చ్ మాటే మర్చిపోండి, వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి.

కాబట్టి సెర్చ్ అనేది సరిచూసుకోడానికి పనికొస్తుంది, గుర్తుపెట్టుకోడానికి కాదు. పక్కన చేత్తో నింపిన చిన్న పట్టిక ఒకటి ఉండి తీరాలి, దాంట్లో భాగం నంబరు ఉండాలి, ఆ నంబరు పట్టుకుని అసలు టెక్స్టులోకి వెళ్ళాలి.

గూగుల్ షీట్

నన్నడిగితే పదిమందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఇదే. డబ్బులు అక్కర్లేదు, ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఆఫ్‌లైన్ ఆప్షన్ పెట్టుకుంటే నెట్ లేకపోయినా పని చేస్తుంది, ఎక్సెల్ తెలిసినవాళ్ళకి కొత్తగా నేర్చుకునేది లేదు. నాలుగు ట్యాబులు చాలు.

మొదటిది మనుషులు. ఒక్కో మనిషికి ఒక్క వరస. ఉదాహరణకి ఓ వరస ఇలా ఉంటుంది: కోరాడ సింహాచలం, పుట్టింది 1964, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు, ఎడమ చెయ్యి చిటికెన వేలు లేదు భాగం 12, అందరూ సిమ్మాద్రి అంటారు, పెళ్ళాం ఒక్కత్తే ఏమయ్యా అంటాది, డైలాగు "నాకేటి తెల్దు బాబూ, ఆణ్ణే అడగండి". ఆ చివరి గడి ముఖ్యం. మనిషి గుణగణాలు పది లైన్లు రాసుకునే బదులు వాడి నోట్లోంచి వచ్చిన ఒక్క డైలాగు ముక్క కాపీ చేసి పెట్టుకోండి, ఆర్నెల్ల తర్వాత వాడు మళ్ళీ సీన్లోకొస్తే యాస వెంటనే దొరికిపోద్ది. లేకపోతే ఏటి సేత్తాం అన్న మనిషి కాస్తా ఏం చేయగలము అనేస్తాడు.

వయసు రాయొద్దు, పుట్టిన సంవత్సరం రాయండి. వయసు ప్రతి ఏడూ మారిపోద్ది, పుట్టిన ఏడు మారదు.

రెండో ట్యాబ్ పిలుపులు. అడ్డంగా పేర్లు, నిలువుగా అవే పేర్లు, నిలువు వరసలో ఉన్న మనిషి అడ్డం వరసలో ఉన్న మనిషిని ఏమంటాడో ఆ గడిలో. అందరికీ అక్కర్లేదు, ముఖ్యమైన పది పన్నెండు మందికి చాలు. మారినప్పుడు పాతది చెరపకుండా పక్కనే కొత్తదీ భాగం నంబరూ రాయండి.

మూడోది రహస్యాలు, సస్పెన్స్ వాళ్ళకి ఇదే ప్రాణం. వరసల్లో రహస్యాలు, పైన మనుషుల పేర్లు, గడిలో వాళ్ళకి అది తెలిసిన భాగం నంబరు. ఖాళీ గడి ఉందంటే ఆ మనిషికి ఇంకా తెలీదని. రాయబోయే సీన్లో నలుగురుంటే ఆ నాలుగు నిలువు వరసలూ ఓసారి చూసుకుని రాయడం మొదలెట్టండి. అసలు కొత్త ట్విస్టు కావాలన్నా ఖాళీ గళ్ళలోకి చూస్తే చాలు, ఎవరికి ఏది తెలిస్తే కొంప మునుగుద్దో అక్కడే కనిపిస్తుంది. నోట్‌బుక్కులో ఇది చెయ్యలేం.

నాలుగోది కాలం. నెల, ఏడు, భాగం, ఏం జరిగింది. ఊరు నిజమైనదైతే దీని పక్కనే ఊరి తేదీలు కూడా ఓ వరసలో పెట్టుకోవాలి. మన విశాఖ కథకైతే, పాడేరు అమ్మాయి తనది విశాఖపట్నం జిల్లా అని చెప్పుకోవడం 2022 ఏప్రిల్ 4 దాకానే, ఆ రోజు నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా, అనకాపల్లి కూడా అప్పుడే వేరే జిల్లా అయింది. 2010లో హీరో కొత్త బండి కొంటే నంబరు ఏపీ 31తో మొదలవ్వాలి, ఏపీ 39 పెట్టారంటే తప్పు, అది 2019లో రాష్ట్రమంతటికీ వచ్చిన సిరీస్. కురుసుర సబ్‌మెరైన్ పక్కన కూర్చుని ప్రపోజ్ చేసే సీను 2002కి ముందు కుదరదు, అప్పటికి అది ఇంకా బీచ్‌లోకి రాలేదు. ఇంట్లో పెద్దాయన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే రిటైర్మెంట్ ఇంకో తలనొప్పి, విభజన ముందు 58, 2014 జూన్ నుంచి 60, 2022 జనవరి నుంచి 62. అదే ఏడులో పుట్టి స్టీల్‌ప్లాంట్‌లో చేసిన తోడల్లుడికి ఈ లెక్క వర్తించదు, అది కేంద్రం సంస్థ.

పండగలు ఇంకా మోసం చేస్తాయి. సింహాచలం చందనోత్సవం అక్షయ తృతీయ నాడు, స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్క రోజే, గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి. చందనోత్సవం క్యూలో పరిచయమైన జంట గిరి ప్రదక్షిణకి కలిసి నడిచారని రాస్తే మధ్యలో దాదాపు 70 రోజులుండాలి, అధిక మాసం పడితే ఇంకో నెల కలుస్తుంది. 2018లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఏప్రిల్ 18 నుంచి జూలై 27 దాకా సరిగ్గా వంద రోజులు. ఇది ఏ యాప్ చెప్పదు, పంచాంగం తీసి చూసుకోవాల్సిందే. ఏ సంవత్సరమో చెప్పకుండా నడిపే కథైతే హాయి, ఈ బాధ సగం తప్పుద్ది, ఫోన్లూ నోట్లూ మాత్రం చూసుకోండి, 2016 నవంబర్ 8 తర్వాత బీరువాలో పాత వెయ్యి నోట్ల కట్ట దొరికిందంటే అది డబ్బు కాదు, సమస్య.

షీట్‌లో ఇబ్బంది ఏంటంటే పెద్ద పేరా రాసుకోడానికి చోటుండదు. గడిలో నాలుగు లైన్లు దాటితే ఫోన్‌లో చదవలేం. ఓ మనిషి గతం రెండు పేజీలుంటే దానికి విడిగా డాక్ పెట్టుకుని లింకు ఇక్కడ అతికించుకోవాలి.

అబ్సిడియన్, నోషన్

షీట్ ఇరుకైపోయినవాళ్ళకి తర్వాతి మెట్టు అబ్సిడియన్ అనే నోట్స్ యాప్. ఉచితమే, ఫైళ్ళన్నీ మన ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో మామూలు టెక్స్టుగా ఉంటాయి, రేపు ఆ యాప్ లేకపోయినా మన రాత మన దగ్గరే ఉంటుంది, ఇది నాకు బాగా నచ్చిన విషయం. రెండు చదరపు బ్రాకెట్ల మధ్య సత్యవతి అని రాస్తే అది ఆవిడ పేజీకి లింకైపోద్ది, బ్రాకెట్ల బయట కి, తో తగిలించుకోవచ్చు కాబట్టి ఇందాక చెప్పిన విభక్తుల గొడవ ఇక్కడ ఉండదు. ఆవిడ పేజీ తెరిస్తే ఏయే భాగాల్లో ఆవిడకి లింకు ఇచ్చారో అన్నీ కింద వస్తాయి. సత్తెవతి, చిన్నకోడలు అని ఉన్న పేర్లన్నీ అలియాస్‌లుగా, అంటే మారుపేర్లుగా, ఒకే పేజీకి కట్టెయ్యొచ్చు.

కానీ ఇదంతా జరగాలంటే మీ భాగాలు కూడా అందులోనే రాయాలి, లేదా అందులోకి తెచ్చి లింకులు పెట్టాలి. ఫోన్‌లో ప్రతిలిపి లాంటి కథల యాప్‌లోకి డైరెక్టుగా టైపు చేసి పోస్ట్ చేసేసేవాళ్ళకి ఇది డబుల్ పని, నెల తిరక్కుండా వదిలేస్తారు. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకటే కాపీ ఉండాలంటే వాళ్ళ సింక్‌కి డబ్బులు కట్టాలి, లేదంటే వేరే దారులు మనమే వెతుక్కోవాలి. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాసేవాళ్ళూ, ఒకే ప్రపంచంలో రెండో సిరీస్ మూడో సిరీస్ నడిపేవాళ్ళూ అయితే కళ్ళు మూసుకుని వెళ్ళండి.

నోషన్ కూడా నోట్స్ యాప్ లాంటిదే, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, టేబులూ పేజీ రెండూ కలిసి ఉంటాయి, ఒక్కో పాత్రకి ఫొటో కూడా పెట్టుకోవచ్చు. అదే దాంతో ప్రమాదం కూడా, ఆదివారం మధ్యాహ్నమంతా ఐకాన్లు మార్చుకుంటూ కూర్చుంటాం, భాగం మాత్రం రాయం. సిగ్నల్ సరిగా లేనిచోట దీన్ని నమ్ముకోవడం కూడా కష్టమే. ఇద్దరు కలిసి రాస్తుంటే మాత్రం పరిశీలించొచ్చు.

డబ్బు పెట్టి కొనేవి

స్క్రివెనర్ గురించి అందరూ అడుగుతారు. నవల రాయడానికి మంచి సాఫ్ట్‌వేర్, ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు. కానీ ఆండ్రాయిడ్‌కి లేదు, విండోస్, మాక్, ఐఫోన్, ఐప్యాడ్ ఉన్నవాళ్ళకే. మనలో సగం మంది ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే రాస్తున్నప్పుడు దీనికి డబ్బులు పెట్టడం అనవసరం. వరల్డ్ ఆన్విల్ లాంటివి రాజ్యాలు, మ్యాపులు, మంత్రాలు ఉన్న ఫాంటసీ వాళ్ళకి. సీతమ్మధారలో రెండు కుటుంబాల కథకి అవేం చేసుకుంటాం.

ఏఐకి అప్పజెప్పేస్తే?

ఈ మధ్య ఇదొకటి. భాగాలన్నీ చాట్‌బాట్‌కి ఇచ్చి మేనత్త పేరేంటి అని అడగడం. కొన్నిసార్లు భలే చెప్తుంది, కొన్నిసార్లు లేని మేనత్తని పుట్టించి అంతే ధీమాగా చెప్తుంది, రెండిటికీ తేడా గొంతులో తెలీదు. వాడితే ఇలా వాడండి, జవాబుతో పాటు భాగం నంబరూ, అక్కడి వాక్యం ఉన్నదున్నట్టూ ఇమ్మనండి, ఆ వాక్యాన్ని మీ టెక్స్టులో వెతికి దొరికితేనే షీట్‌లో ఎక్కించండి. పాత భాగాలనుంచి మొదటి జాబితా తీయించుకోడానికి పర్లేదు. బావమరిదికీ తోడల్లుడికీ తేడా విషయంలో మాత్రం అస్సలు నమ్మొద్దు.

మరి మీరేం తీసుకోవాలి

చేత్తో రాసి తర్వాత టైపు చేసేవాళ్ళు నోట్‌బుక్కుతోనే ఉండండి, రహస్యాల పట్టిక ఒక్కటి షీట్‌లో పెట్టుకోండి. ఫోన్‌లో రాసి ప్రతిలిపి లాంటి చోట్ల వారానికి రెండు మూడు భాగాలు పెట్టేవాళ్ళకి షీటే, ఇంకో ఆలోచన వద్దు, వంశవృక్షం మాత్రం కాగితం మీద గీసి ఫొటో తీసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ ఉండి, రెండొందల భాగాలు దాటి, ఇంకా ఆపే ఉద్దేశం లేనివాళ్ళు అబ్సిడియన్. రెండేసి యాప్‌లలో ఒకే వివరం పెట్టుకోవద్దు, ఒకదాంట్లో మార్చి రెండోదాంట్లో మర్చిపోతాం, అప్పుడు ఏది కరెక్టో మనకే తెలీదు.

ఎప్పుడు నింపాలి అన్నది కూడా ముఖ్యమే. రాయకముందు వద్దు, అనుకున్నవన్నీ కథలోకి రావు. పోస్ట్ చేసిన వెంటనే, ఆ భాగంలో కొత్తగా పుట్టిన వివరాలు మాత్రమే, ఐదు నిమిషాలు.

ఇప్పటికే ఎనభై భాగాలైపోయి ఒక్క ముక్కా రాసుకోలేదంటే మొదటి భాగం నుంచి కూర్చోకండి, మధ్యలో విసుగొచ్చి ఆపేస్తారు. ఇప్పుడు నడుస్తున్న ట్రాక్‌లో ఉన్న ఏడెనిమిది మందితో మొదలెట్టండి, వాళ్ళకి సంబంధించిన పాత భాగాలు మాత్రం తిరగెయ్యండి. పాత పాత్ర ఎవరైనా తిరిగి రాబోతుంటే ఆ ముందు రోజు వాళ్ళ వరస నింపుకోండి, చచ్చిపోయినవాళ్ళకీ ఓ వరస ఉంచండి, ఫ్లాష్‌బ్యాక్‌కి పనికొస్తారు.